'వాక్' అంటే ఒక్క నడకేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో టెన్సులన్నీ అయిపోయి, ఇక పర్లేదు అనుకునే సమయానికి ఒక చిన్న మాట దగ్గర అందరూ ఆగిపోతారు. ఒకటో తరగతి పిల్లలకి కూడా తెలిసిన మాట, వాక్. "మేడమ్, ఇంటి ఓనరు ఫోర్త్ ఫ్లోర్ వాక్-అప్ అంటున్నాడు, అంటే నడుచుకుంటూ రమ్మనా?" అని జెర్సీ సిటీ నుంచి ఒకమ్మాయి అర్ధరాత్రి మెసేజ్ పెట్టింది. అదే వారంలో "వాక్-ఇన్‌కి బస్సులో వెళ్లొచ్చా?" అని ఒకబ్బాయి. నవ్వొచ్చినా, తప్పు వాళ్లది కాదు. పక్కన ఏ చిన్న మాట చేరితే ఆ అర్థంలోకి మారిపోయే రకం ఇది. ఒక్కొక్కరికీ విడివిడిగా వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక అయిపోయి ఇవన్నీ ఒకచోట రాశాను. ఎవరికి ఏది కావాలో నేరుగా అక్కడికే వెళ్లి చదువుకోండి.

## మొదట్లో వచ్చే డౌట్లు

'వాక్' అనాలా, 'వాల్క్' అనాలా?

'వాక్' అనాలి. మధ్యలో ఎల్ రాస్తాం, పలకం. టాక్, చాక్ కూడా అంతే. జనం అనే అర్థంలో వచ్చే 'ఫోక్', గుడ్డులో పచ్చసొనకి వాడే 'యోక్' కూడా అదే బాపతు. అయితే తెలుగులో 'వాక్' అని రాస్తున్నాం కదా అని మన 'వాక్కు'లో లాగా నోరు పెద్దగా తెరవకండి. పెదాలు గుండ్రంగా చుట్టి, 'వా'కీ 'వో'కీ మధ్యలో కాస్త సాగదీయాలి.

నేను 'వాక్' అంటే వాళ్లకి 'వర్క్' అని వినిపిస్తోంది. ఏం చేయాలి?

అద్దం ముందు నిలబడండి. 'వాక్' అన్నప్పుడు పెదాలు గుండ్రంగా ముందుకు రావాలి. 'వర్క్' అన్నప్పుడు రాకూడదు, నోరు మామూలుగా కొద్దిగా తెరుచుకుని ఉండాలి. ఇంగ్లండ్ వాళ్లు 'వర్క్'లో ఆర్ పలకరు కాబట్టి వాళ్ల మాట విన్నప్పుడు మనకి రెండూ ఒకేలా అనిపిస్తాయి. అమెరికా వాళ్లు ఆర్ గట్టిగా పలుకుతారు, వాళ్ల దగ్గర ఈ ఇబ్బంది తక్కువ. ప్రాక్టీసుకి ఒక వాక్యం: 'ఐ వాక్ టు వర్క్'. ఆఫీసుకి నడిచి వెళ్తాను అని. రోజూ పదిసార్లు అనుకుంటే వారంలో తేడా తెలుస్తుంది.

పాస్ట్ టెన్స్‌లో 'వాకెడ్' అనొచ్చా?

వద్దు. 'వాక్ట్'. చివరి ఈడీ ఇక్కడ 'ట్' అవుతుంది. 'టాక్ట్', 'కుక్ట్', 'ఆస్క్ట్' లాగే.

'ఐ కేమ్ బై వాక్' అంటే తప్పేంటి? బై బస్, బై ట్రైన్ అంటాం కదా!

'బై' తర్వాత బండి రావాలి. నడక బండి కాదు కాబట్టి 'ఆన్ ఫుట్' అంటారు. కానీ నిజానికి మాటల్లో అదీ అంతగా వాడరు, 'ఐ వాక్ట్' అని ఊరుకుంటారు. తెలుగులో మనం "నడక ద్వారా వచ్చాను" అంటామా? "నడిచొచ్చాను" అంటాం. ఇంగ్లిష్ వాళ్లూ అంతే. మన దేశంలో 'బై వాక్' అంటే అందరికీ అర్థమవుతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. పరీక్షలో, ఇంటర్వ్యూలో మాత్రం వద్దు.

'గోయింగ్ టు వాకింగ్', 'గోయింగ్ ఫర్ వాకింగ్', 'గోయింగ్ ఫర్ ఎ వాక్'. వీటిలో ఏది కరెక్టు?

మూడోది. 'గోయింగ్ వాకింగ్' అన్నా తప్పు లేదు, మధ్యలో 'టు' గానీ 'ఫర్' గానీ పెట్టకపోతే చాలు. తెలుగులో "కేబీఆర్ పార్కుకి వాకింగ్‌కి వెళ్తున్నా" అంటే మాత్రం ఎవరూ దిద్దనక్కర్లేదు. అక్కడ 'వాకింగ్' ఎప్పుడో తెలుగు మాట అయిపోయింది. పొద్దున్నే షూస్ వేసుకుని చేసేదాన్ని వాకింగ్ అంటాం, కూరగాయలకి వెళ్లేదాన్ని నడక అంటాం. ఈ తేడా ఇంగ్లిష్‌లో లేదు, రెంటికీ ఒకటే మాట.

'టేక్ ఎ వాక్' అంటే తిట్టా?

అనే తీరుని బట్టి. 'లెట్స్ టేక్ ఎ వాక్' అంటే అలా కాసేపు తిరిగొద్దాం పద అని. ఎదుటివాడి మొహం మీద వేలు చూపించి 'టేక్ ఎ వాక్!' అంటే "ఇక్కణ్నుంచి బయల్దేరు" అని. రెండో వాడకం అమెరికాలో ఎక్కువ.

తెలుగులో 'నడుస్తోంది' అనే ప్రతిచోటా 'వాక్' వాడొచ్చా?

అస్సలు వద్దు. తెలుగులో బండి నడుస్తుంది, కొట్టు నడుస్తుంది, కోర్టులో కేసు నడుస్తుంది, పెళ్లికి ముందు బేరాలు నడుస్తాయి, జాతకంలో ఏలినాటి శని కూడా నడుస్తుంది. ఇంగ్లిష్‌లో వీటిలో ఏదీ నడవదు. కొట్టుకి 'రన్', కేసుకి 'గోయింగ్ ఆన్', గడియారానికి 'వర్కింగ్' వాడతారు. కిరాణా కొట్టు వాళ్లబ్బాయి ఒకడు మొదటి రోజు పరిచయంలో 'మై ఫాదర్స్ షాప్ ఈజ్ వాకింగ్ వెల్' అన్నాడు. పప్పుల డబ్బాలతో సహా కొట్టు లేచి రోడ్డు వెంట నడుచుకుంటూ పోతున్నట్టు అనిపించింది.

ఒక్కచోట మాత్రం రెండు భాషలూ కలుస్తాయి. మనకి నడక నుంచి నడత, నడవడిక వచ్చాయి. పెద్దవాళ్లు "చెప్పినట్టు నడుచుకో" అంటారు. పాత ఇంగ్లిష్‌లో, ముఖ్యంగా బైబిల్ భాషలో, 'వాక్' అంటే బతికే తీరు, ప్రవర్తించే తీరు. అందుకే తెలుగు బైబిల్‌లో ఆ చోట్ల 'నడుచుకొనుట' అని హాయిగా అమరిపోయింది.

## ఉద్యోగాల వేటలో

'వాక్-ఇన్ ఇంటర్వ్యూ' అంటే ఏమిటి? నడిచే వెళ్లాలా?

బస్సులో వెళ్లండి, మెట్రోలో వెళ్లండి, హెలికాప్టర్‌లో దిగినా పర్లేదు. ముందుగా అప్లై చేసి, పిలుపు కోసం ఎదురుచూడక్కర్లేకుండా, చెప్పిన రోజు సర్టిఫికెట్లు పట్టుకుని నేరుగా వెళ్లొచ్చు అని దాని అర్థం. సెలూన్ బయట, క్లినిక్ బయట 'వాక్-ఇన్స్ వెల్కమ్' అని బోర్డు ఉంటే అదీ ఇంతే, అపాయింట్‌మెంట్ లేకపోయినా రావొచ్చు అని. అలా వచ్చిన కస్టమర్ని కూడా 'ఎ వాక్-ఇన్' అనే అంటారు.

వస్తువుకి చేరితే అర్థం మారిపోతుంది. 'వాక్-ఇన్ క్లోజెట్' అంటే మనిషి లోపలికి వెళ్లి తిరగగలిగేంత బట్టల గది. హోటళ్లలో 'వాక్-ఇన్ కూలర్' అంటే గదంత ఫ్రిజ్.

'హి వాక్ట్ ఇంటు ఎ జాబ్' అంటే ఇంటర్వ్యూకి వెళ్లాడనా, ఉద్యోగం వచ్చిందనా?

వచ్చింది, అదీ చెమట పట్టకుండా వచ్చింది. 'వాక్ ఇంటు' పక్కన ఏముందో చూడండి. ఉద్యోగం ఉంటే సునాయాసంగా దొరికిందని. గాజు తలుపు ఉంటే చూసుకోకుండా గుద్దుకున్నాడని. 'ట్రాప్' ఉంటే తెలియక వెళ్లి ఇరుక్కున్నాడని. 'ఇంటు ఎ బార్' అంటే మాత్రం వట్టినే లోపలికి వెళ్లాడు. ఇంగ్లిష్ జోకులు చాలా అలాగే మొదలవుతాయి.

ఇంటర్వ్యూలో 'వాక్ మీ త్రూ యువర్ రెజ్యూమే' అన్నారు. రెజ్యూమే చదివి వినిపించాలా?

చదవకండి, అది వాళ్ల చేతిలోనే ఉంది. గృహప్రవేశానికి వచ్చిన బంధువుకి ఇల్లు ఎలా చూపిస్తాం? "ఇది హాలు, ఇటు వంటగది, గాలి బాగా వస్తుందని కిటికీ ఇక్కడ పెట్టించాం" అంటూ వెంటబెట్టుకుని తిప్పుతాం. ఇదీ అదే. డిగ్రీ ఎక్కడ చేశారు, అక్కణ్నుంచి మొదటి ఉద్యోగానికి ఎలా వెళ్లారు, అది ఎందుకు మారారు, ఇప్పుడు ఈ ఉద్యోగం ఎందుకు కావాలి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్లినట్టు వరసగా చెప్పండి. కిటికీ ఎందుకు పెట్టించారో చెప్పడం మర్చిపోకండి, వాళ్లకి కావలసింది అదే. రెండు నిమిషాలు చాలు.

## ఆఫీసులో చేరాక

'కోడ్ వాక్‌త్రూ', 'డైరెక్టరీ వాక్' అంటున్నారు. కంప్యూటర్‌లో నడిచేదెవరు?

వాక్‌త్రూలో నడిచేది మనుషులే. రాసినవాడు తన కోడ్‌ని టీమ్ ముందు పెట్టి, పై నుంచి కిందికి వివరిస్తూ వెళ్తాడు, మిగతావాళ్లు తప్పులు పడతారు. వీడియో గేములకీ వాక్‌త్రూలు ఉంటాయి, ఏ లెవెల్ ఎలా దాటాలో చూపించేవి.

డైరెక్టరీ వాక్‌లో నడిచేది ప్రోగ్రాం. పైథాన్‌లో 'ఓఎస్.వాక్' అనే ఫంక్షన్‌కి ఒక ఫోల్డర్ ఇస్తే, అది లోపలున్న ప్రతి ఫోల్డర్‌లోకీ దూరి, ఒక్కోదాని దగ్గరా మూడు సంగతులు చెబుతుంది: ఇప్పుడు ఎక్కడున్నాను, ఇక్కడ ఏ ఫోల్డర్లున్నాయి, ఏ ఫైళ్లున్నాయి. జనాభా లెక్కలవాళ్లు ఇల్లిల్లూ తిరిగినట్టు.

షేర్ మార్కెట్‌ని 'రాండమ్ వాక్' అంటారెందుకు?

ఈ మాట 1905లో కార్ల్ పియర్సన్ అనే లెక్కల ప్రొఫెసర్ 'నేచర్' పత్రికకి రాసిన చిన్న ఉత్తరం నుంచి ప్రచారంలోకి వచ్చింది. ఒక మనిషి కొన్ని గజాలు తిన్నగా నడుస్తాడు, ఆగి ఎటో ఒకవైపు తిరుగుతాడు, మళ్లీ అంతే దూరం నడుస్తాడు. ఇలా చాలాసార్లు చేశాక బయల్దేరిన చోటు నుంచి ఎంత దూరంలో ఉంటాడు, అని అడిగాడు. లార్డ్ రేలీ అనే భౌతిక శాస్త్రవేత్త జవాబిచ్చాక పియర్సన్ తేల్చింది సరదాగా ఉంటుంది. తాగినవాడు ఇంకా నిలబడగలిగే స్థితిలో ఉంటే, అతన్ని వెతకాల్సింది బయల్దేరిన చోటు దగ్గర్లోనేనట. రేపటి షేరు ధర కూడా నిన్నటి దారితో సంబంధం లేకుండా ఎటైనా అడుగేయొచ్చు అని వాదించేవాళ్లు ఆ పేరు తీసుకున్నారు.

మా మేనేజర్ మాటకి ముందు 'వాక్ ది టాక్' అంటాడు. అంటే?

చెప్పింది చేసి చూపించు అని. 'మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు' అని మనం వెక్కిరిస్తామే, దానికి సరిగ్గా తిరగేసిన మాట. రెండు చోట్లా మాటకి పోటీగా కాలినే పెట్టారు చూడండి. మొత్తం సామెత 'టాక్ ది టాక్, వాక్ ది వాక్' అన్న జంటగా కూడా వినిపిస్తుంది. ఎక్కువగా అనేవాళ్లు చేసి చూపిస్తారని గ్యారంటీ లేదు, అది వేరే విషయం.

'ఎగ్‌షెల్స్ మీద వాక్', 'టైట్‌రోప్ వాక్', 'వాక్ ఆల్ ఓవర్' మూడూ టెన్షన్ గురించేనా?

మొదటిది టెన్షనే. ఎదుటివాళ్లకి ఎప్పుడు కోపమొస్తుందో తెలియక ప్రతి మాటా ఆచితూచి మాట్లాడటం. గుడ్డు పెంకుల మీద అడుగేస్తే చిటపటమంటాయి కదా. రెండోది మన కత్తి మీద సాము, అటూ ఇటూ ఒరగకుండా నెట్టుకురావడం. మూడోది పూర్తిగా వేరు. 'దే వాక్ ఆల్ ఓవర్ హర్' అంటే ఆమెని లోకువ కట్టి నెత్తినెక్కి తొక్కుతున్నారని.

## అమెరికా, ఇంగ్లండ్ వెళ్లాక

అద్దె ఇంటి ప్రకటనలో 'ఫోర్త్ ఫ్లోర్ వాక్-అప్' అని ఉంది. తీసుకోవచ్చా?

లిఫ్ట్ లేదు అని మర్యాదగా చెప్పడం అది. అమెరికాలో నేల మీదున్న అంతస్తునే ఫస్ట్ ఫ్లోర్ అంటారు, కాబట్టి వాళ్ల ఫోర్త్ ఫ్లోర్ మన లెక్కలో మూడో అంతస్తు. అద్దె కాస్త తక్కువ ఉండటానికి కారణం అదే. ఇరవై మూడు కేజీల సూట్‌కేసులు రెండు, పైన బియ్యం బస్తా, పచ్చళ్ల డబ్బాలు మోయగలిగితే తీసుకోండి. అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వస్తారంటే మాత్రం వాళ్ల మోకాళ్లు తలుచుకుని సంతకం పెట్టండి.

వంతెన దగ్గర 'వాక్ యువర్ బైక్' అని బోర్డు. సైకిల్ ఎలా నడుస్తుంది?

సైకిల్ దిగి తోసుకుంటూ వెళ్లమని. ఈ డౌటు మనకే ఎందుకొస్తుందో చెప్తాను. తెలుగులో నడిచేది తనే అయితే 'నడుచు', ఇంకొకర్ని నడిచేలా చేస్తే 'నడిపించు', బండి తోలితే 'నడుపు' అని మాట రూపమే మారిపోతుంది. ఇంగ్లిష్‌లో మాట మారదు, పక్కన కర్మ, అంటే ఆబ్జెక్ట్, వచ్చి కూర్చుంటుంది అంతే. 'వాక్ ది డాగ్' అంటే కుక్కని తిప్పుకురావడం. 'వాక్ మీ హోమ్' అంటే ఇంటిదాకా తోడు రా అని. బీరువా జరపడానికి ఒక మూల ఎత్తి, అటు కాస్త ఇటు కాస్త తిప్పుతూ జరుపుతామే, దాన్ని కూడా బీరువాని 'వాక్' చేయడం అంటారు. సామాను మోసే మనుషుల నోట ఇది బాగా వినిపిస్తుంది.

క్లాస్‌మేట్ 'ఆర్ యూ వాకింగ్ ఇన్ మే?' అని అడిగాడు. మే నెలలో ఎక్కడికి నడవాలి?

స్టేజీ మీద. అమెరికన్ యూనివర్సిటీల్లో నల్ల గౌను, టోపీ వేసుకుని, పేరు పిలవగానే స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి చేయి కలిపే గ్రాడ్యుయేషన్ ఫంక్షన్‌కి వెళ్తున్నావా అని అడిగాడు. నడవకపోయినా డిగ్రీ వస్తుంది. మా పాత స్టూడెంట్ ఒకడు దీనికి 'నో, ఐ హావ్ ఎ కార్' అని జవాబు చెప్పి ఏడాదంతా నవ్వులపాలయ్యాడు.

రోడ్డు అడ్డంగా దాటితే 'జేవాకింగ్' అంటారట. 'జే' అంటే ఏమిటి?

పాత అమెరికన్ యాసలో 'జే' అంటే పట్నం పోకడ తెలియని పల్లెటూరివాడు. గట్టిగా చెప్పాలంటే బైతు. కార్లు కొత్తగా వచ్చిన ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, అప్పటిదాకా రోడ్డు మీద స్వేచ్ఛగా తిరిగే జనాన్ని పక్కకి నెట్టడానికి ఈ తిట్టు బాగా పనికొచ్చింది. తర్వాత అదే చట్టంలోకి ఎక్కింది. ఇప్పుడు కొన్నిచోట్ల సడలిస్తున్నారు. కాలిఫోర్నియాలో 2023 జనవరి 1 నుంచి, వెంటనే గుద్దుకునే ప్రమాదం ఉంటే తప్ప పోలీసులు దీనికి జరిమానా వేయకూడదు. న్యూయార్క్ నగరం 2024లో దీన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది. ఇంగ్లండ్‌లో అసలు ఆ నేరమే లేదు. మీరుండే రాష్ట్రంలో రూలు ఏమిటో ఒకసారి కనుక్కుని దాటండి.

సైడ్‌వాక్, పేవ్‌మెంట్, ఫుట్‌పాత్ ఒకటేనా?

మనం ఫుట్‌పాత్ అనేదాన్ని ఇంగ్లండ్‌లో పేవ్‌మెంట్ అంటారు, అమెరికాలో సైడ్‌వాక్. గొడవంతా పేవ్‌మెంట్ దగ్గరే. అమెరికాలో ఆ మాటకి కార్లు వెళ్లే తారు రోడ్డు పైభాగం అని అర్థం. ఇంగ్లండ్‌లో పిల్లలకి పేవ్‌మెంట్ మీదే నడవమని చెప్తారు, అమెరికాలో అదే మాట చెబితే కంగారుపడతారు. జీబ్రా క్రాసింగ్‌ని అక్కడ క్రాస్‌వాక్ అంటారు.

## పేపరు చదువుతుంటే

అసెంబ్లీలో వాకౌట్, ఫ్యాక్టరీలో వాకౌట్, కాపురంలో వాకౌట్. అన్నీ ఒకటేనా?

మొదటి రెండూ ఒకే జాతి. ప్రతిపక్షం నినాదాలిస్తూ సభలోంచి బయటికి వెళ్తే వాకౌట్, అది తెలుగు పేపర్లలోనూ అదే పేరుతో స్థిరపడింది. కార్మికులు పని మధ్యలో ఆపేసి గేటు బయటికి వస్తే అదీ వాకౌట్. కోపం చూపించడానికే వెళ్తారు, మళ్లీ వస్తారు.

కాపురం విషయంలో 'ఆన్' చేరుతుంది. 'హి వాక్ట్ అవుట్ ఆన్ హర్' అంటే ఆమెని వదిలేసి పోయాడు, తిరిగొచ్చే ఉద్దేశం లేదు. ఇంకో చమత్కారం ఉంది. పాత తరం బ్రిటిష్ వాళ్లు 'షి ఈజ్ వాకింగ్ అవుట్ విత్ హిమ్' అంటే ఇద్దరూ ప్రేమించుకుంటూ కలిసి తిరుగుతున్నారని. 'విత్' ఉంటే ప్రేమ, 'ఆన్' ఉంటే పరారీ. పాత నవలలు చదివేవాళ్లు ఇక్కడ పొరబడితే కథే తలకిందులవుతుంది.

హెడ్‌లైన్‌లో 'హి వాక్ట్ ఫ్రీ' అంటే బెయిలా, విడుదలా?

కేసులోంచి బయటపడ్డాడని. శిక్ష పడలేదు. ఒక్కోసారి 'ఫ్రీ' కూడా తీసేసి 'హి వాక్ట్' అని వదిలేస్తారు, ముఖ్యంగా అమెరికాలో. ఆ వాడకంలో "తప్పు చేసి కూడా తప్పించుకున్నాడు" అన్న ఎత్తిపొడుపు తరచూ ఉంటుంది.

'వాక్ అవే'కి ఎన్ని అర్థాలు?

తరచుగా కనిపించేవి మూడు. యాక్సిడెంట్ నుంచి 'వాక్ట్ అవే' అంటే పెద్ద దెబ్బల్లేకుండా బయటపడ్డాడు. డీల్ నుంచి 'వాక్ట్ అవే' అంటే బేరం కుదరక లేచి వచ్చేశాడు. ప్రైజుతో, అంటే 'విత్'తో వస్తే, సులువుగా గెలుచుకున్నాడు. 'వాక్ట్ ఆఫ్ విత్ మై అంబ్రెల్లా' అంటే మాత్రం నా గొడుగు కాజేశాడు.

నాయకుడు స్టేట్‌మెంట్‌ని 'వాక్ బ్యాక్' చేశాడట. వెనక్కి నడిచాడా?

అన్న మాట వెనక్కి తీసుకున్నాడు. మన 'నాలుక మడతేశాడు' అంత ఘాటు లేదు దీనిలో. "నా ఉద్దేశం అది కాదు" అంటూ మెల్లమెల్లగా జారుకోవడం. అమెరికా రాజకీయ వార్తల్లో పుట్టి అన్నిచోట్లకీ పాకింది.

'పీపుల్ ఫ్రమ్ ఆల్ వాక్స్ ఆఫ్ లైఫ్'ని తెలుగులో ఎలా రాయాలి?

'అన్ని రంగాలవారు', 'అన్ని వర్గాలవారు'. 'జీవితపు అన్ని నడకలవారు' అని రాసినవాళ్లున్నారు, దయచేసి రాయకండి.

## ఆట చూస్తూ అడిగేవి

క్రికెట్‌లో 'హి వాక్ట్' అంటే అవుటయ్యాక అందరూ నడిచే వస్తారు కదా?

అంపైర్ వేలెత్తకముందే, తను అవుటని తనకి తెలిసి, బ్యాటర్ తనంతట తాను వెళ్లిపోతేనే 'వాక్'. బాగా చెప్పుకునేది ఆడమ్ గిల్‌క్రిస్ట్‌ది. 2003 ప్రపంచకప్ సెమీఫైనల్, పోర్ట్ ఎలిజబెత్‌లో శ్రీలంక మీద. అరవింద డిసిల్వా బంతిని స్వీప్ చేయబోయాడు, అంచు తగిలింది, కీపర్ పట్టాడు. అంపైర్ రూడీ కర్ట్‌జన్ అవుటివ్వలేదు. గిల్‌క్రిస్ట్ బ్యాట్ చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. గెలుపే దైవమనుకునే ఆస్ట్రేలియా జట్టులో ఈ పని చేయడంతో వాళ్లలో వాళ్లకే చర్చయింది. హైదరాబాద్ వాళ్లకి ఈయన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు, 2009లో డెక్కన్ చార్జర్స్‌కి ఐపీఎల్ కప్పు తెచ్చిన కెప్టెన్.

బేస్‌బాల్‌లో 'వాక్' వేరు. కొట్టే వీలు లేని బంతులు నాలుగు పడితే బ్యాటర్ పరిగెత్తే పని లేకుండా మొదటి బేస్‌కి వెళ్తాడు.

'వాకోవర్', 'కేక్‌వాక్' రెండూ సులువు గెలుపేనా?

ఇప్పుడు దాదాపు అంతే, పుట్టుక మాత్రం వేరు. వాకోవర్ గుర్రప్పందేల మాట. పోటీకి మిగతా గుర్రాలేవీ రాకపోతే ఉన్న ఒక్క గుర్రమే ఆ దారి మొత్తం తాపీగా నడిచి గెలిచినట్టు రాయించుకునేది. ఈరోజు టెన్నిస్‌లో, బ్యాడ్మింటన్‌లో ప్రత్యర్థి బరిలోకి దిగకపోతే ఇచ్చేది అదే. మ్యాచ్ జరిగితే అది వాకోవర్ కాదు.

కేక్‌వాక్ వెనక బాధ ఉంది. అమెరికా దక్షిణాది తోటల్లో బానిసలుగా బతికిన నల్లజాతివాళ్లు చేసిన నృత్యం అది. దొరల బడాయి నడకని వాళ్ల ముందే వెక్కిరిస్తూ జంటలు జంటలుగా ఠీవిగా అడుగులేసేవాళ్లని చెబుతారు. గెలిచినవాళ్లకి కేకు బహుమతి. తర్వాత అది అర్థం మారి 'తేలిక పని' అయింది. తెలుగులో రాసేటప్పుడు ఆ మాటే ఎందుకు, మనకి 'నల్లేరు మీద బండి నడక' ఉందిగా!

ఒలింపిక్స్‌లో రేస్ వాకింగ్ చూస్తే పరిగెడుతున్నట్టే ఉంది. నడక అని ఎలా చెప్తారు?

రెండు రూల్స్. ఏ క్షణంలోనూ రెండు కాళ్లూ ఒకేసారి గాల్లో ఉన్నట్టు కంటికి కనబడకూడదు. ముందుకి వేసిన కాలు నేలని తాకినప్పటి నుంచి ఒళ్లు దాని మీదకి నిటారుగా వచ్చేదాకా మోకాలు వంగకూడదు. నడుము అలా ఊగేది ఈ రెండో రూలు వల్లే.

## ఇంకాస్త లోతుగా

స్పేస్‌వాక్‌లో కాలి కింద నేలే లేదు. నడక ఎలా అయింది?

పేరుకే నడక. అంతరిక్ష నౌక బయట చేతులతో కమ్మీలు పట్టుకుంటూ పాకడం అంటే దగ్గరగా ఉంటుంది. మొదట చేసింది సోవియట్ వ్యోమగామి అలెక్సీ లియోనోవ్, 1965 మార్చి 18న, సుమారు 12 నిమిషాలు. బయట ఆయన స్పేస్‌సూట్ ఉబ్బిపోయి తిరిగి లోపలికి దూరడానికి నానా తంటాలు పడ్డాడు. సునీతా విలియమ్స్ తొమ్మిది స్పేస్‌వాక్‌లు చేశారు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తండ్రికి పుట్టిన రాజాచారి 2022 మార్చిలో రెండు చేశారు. ఇక 'మూన్‌వాక్' అంటే ఒకటి చంద్రుడి మీద నిజంగా నడిచింది, ఇంకోటి మైకేల్ జాక్సన్ ముందుకి నడుస్తున్నట్టు కనబడుతూ వెనక్కి జారేది.

'వాక్‌మన్' సరైన ఇంగ్లిషేనా?

నడుస్తూ పాటలు వినడానికి తెచ్చిన చిన్న క్యాసెట్ ప్లేయర్‌కి సోనీ 1979లో జపాన్‌లో పెట్టిన పేరు. ఇంగ్లిష్ వాళ్ల చెవికి ఎబ్బెట్టుగా ఉంటుందేమోనని మొదట అమెరికాలో 'సౌండబౌట్' అని, బ్రిటన్‌లో 'స్టోఅవే' అని అమ్మారు. చివరికి వాక్‌మనే గెలిచింది, ఇంగ్లిష్ డిక్షనరీలోకీ ఎక్కింది.

'వాక్'కి మొదట్నుంచీ నడక అనే అర్థమేనా?

కాదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో దీని పూర్వరూపానికి దొర్లడం, పొర్లడం, అటూ ఇటూ ఊగడం అని అర్థం. సముద్రపు అలలకి వాడేవాళ్లు. నడవడానికి అప్పుడు 'గో' పూర్వరూపమే ఉండేది. 13వ శతాబ్దం వచ్చేసరికి ఈ మాట దొర్లడం నుంచి తిరగడానికి, తిరగడం నుంచి నడవడానికి జరిగింది. ఇంగ్లిష్ వాళ్లకి ఇది వింతగా తోస్తుందేమో గానీ మనకి తోచదు. 'చక్రం తిరుగుతోంది', 'ఊరంతా తిరుగుతున్నాడు' అని ఒకే మాటతో రెండూ అంటున్నాం కదా.

ఆ పాత అర్థం ఒక ఇంటిపేరులో మిగిలిపోయింది. కొత్తగా నేసిన ఉన్ని బట్ట చిక్కబడటానికి దాన్ని తొట్టిలో నీళ్లలో వేసి కాళ్లతో తొక్కేవాళ్లు. ఆ పనిని 'వాక్' అనేవాళ్లు, జర్మన్‌లో 'వాల్కెన్' అంటే ఇప్పటికీ అదే. చేసేవాడు వాకర్. ఇంగ్లండ్‌లో ఒక్కో ప్రాంతంలో అదే పనివాణ్ని ఫుల్లర్ అనీ, టక్కర్ అనీ కూడా పిలిచారు. మీ టీమ్‌లో వాకర్ అనే ఇంటిపేరు ఉన్న మనిషి ఉంటే, వాళ్ల ముత్తాతల్లో ఎవరో మహా నడకరి అనుకోకండి. ఆయన పొద్దస్తమానం ఒకే తొట్టిలో నిలబడి తొక్కినవాడు, ఎక్కడికీ వెళ్లలేదు.